దారం తెగలేదు

“భుజంలో కుట్టింది మళ్లీ ఊడిపోయింది,” అన్నాడు డాక్టరు, స్కాను ఫిలిం వెలుతురుకు పట్టి.

ఆపరేషనైన కుడిచెయ్యి మెడపట్టీలో వేలాడుతుండగా దర్జీ అడిగాడు. “దారం తెగిందా అండీ?”

“లేదు.”

“రెండు వరసలు వేశారా?”

“వేశాను.”

“మాసిక?”

“అదీ వేశాను. రక్తం ఊరి అతుక్కుంటుందని ఎముకకు బెజ్జాలు కూడా పెట్టాను. కండను ఎముకకు పట్టి ఉంచే టెండనే చిరిగిపోయింది.”

“ఇంకోసారి కుట్టండి బాబూ,” అంది దర్జీ భార్య. “ఈయనకు వేరే పని చేతకాదు.”

డాక్టరు కిటికీ వైపు చూశాడు.

దర్జీకి ఆ చూపు తెలుసు. నలభయ్యేళ్లుగా, పాత బట్టలు తెచ్చి బతిమాలేవాళ్ల ముందు తనూ అలాగే చూపు తిప్పుకునేవాడు.

“ఊరుకోవే. బట్టలో పస లేకపోతే సూదేం చేస్తుంది?”

ఎడంచేత్తో ఫిలిం కవర్లో పెట్టి, కుట్టలేనన్న బట్టను తిరిగిచ్చినట్టు, భార్య చేతికిచ్చాడు.