గోరింక గొంతు

ఆ అడవిలో ప్రతి సాయంత్రమూ ఎండు మద్దిచెట్టు తొర్రలోంచి కొండచిలువ సీరియల్ చెప్పేది. ఒక్కో కథ ఒక్కో గొంతుతో! అదెలాగని ఎవరడిగారు గనక?

ఒకరోజు ఓ గోరింక, ఎవరూ ఎక్కడా వినని కథ అల్లుకుని వచ్చింది.

"కొత్తదాన్నండీ, ఒక్క అవకాశం ఇవ్వండి."

"లోపలికొచ్చి చెప్పమ్మా," అంది కొండచిలువ మెత్తగా.

గోరింక మురిసిపోయి, ముగింపు దాచుకోవాలన్న ఇంగితం మరిచి, ఆసాంతం చెప్పేసింది.

మర్నాడు తొర్రలోంచి అదే కథ, గోరింక గొంతుతోనే మొదలైంది. అడవంతా చెవులు రిక్కించి వింది. "కథ నాదే!" అనబోయింది గోరింక. ముక్కు తెరుచుకుంది కానీ మాట రాలేదు.

అంతలో కొత్త కథతో ఓ పికిలిపిట్ట వచ్చి వాలింది. "అక్కా, లోపలికి వెళ్లొచ్చా?"

వద్దు వద్దన్నట్టు గోరింక రెక్కలు టపటపలాడించింది.

తొర్రలోంచి దాని గొంతే పలికింది: "రా చెల్లీ, భయం లేదు."