నాగరాణి గొంతు

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికి రాగానే మా ఆయన ఢిల్లీబాబు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆ యుద్ధాల ఆట అతనికి నేర్పింది నేనే. ఇప్పుడు జోడీ మాత్రం ఇంకెవరో.

పాత ఆటలో కొండరాజు, నాగరాణి బద్ధ శత్రువులు. కొత్తగా వచ్చిన భాగంలో ఇద్దరూ కలిసి పోరాడితేనే ఆఖరి కోట దక్కుతుంది. ఇతను కొండరాజు. నాగరాణి ఎవరని అడిగితే, "ఎవురో పెద్దామెలే," అంటాడు.

పెద్దామెతో అంత నవ్వులేముంటాయి? నాకు ఒళ్లు మండింది.

ఈరోజు అతను స్నానానికి లేవగానే హెడ్‌ఫోన్ నా చెవులకు తగిలించుకున్నాను.

"ఏమప్పా, పలకవు? కోట నేను చూసుకుంటా. నువ్వు సైన్యాన్ని నడిపించు."

అది తిరుచానూరులో ఉండే మా అమ్మ గొంతు. పెళ్లికి ముందు ఈ ఆట నాతోనే ఆడేది. కులం కానివాణ్ణి చేసుకున్నానని మూడేళ్లుగా నా ఫోను ఎత్తడం లేదు. అల్లుడి మొహం చూసిందీ లేదు, ఈ ఆటకు ముందు గొంతు విన్నదీ లేదు.

"నాకూ ఒక కూతురుండాదప్పా," అంది అమ్మ. "నీ మాదిరి పిల్లోణ్ణి చేసుకొని ఉంటే ఎంత బాగుండు."

తల తుడుచుకుంటూ వచ్చిన ఢిల్లీబాబు నన్ను చూసి ఆగిపోయాడు. గబుక్కున మైకు ఆపాడు.

"ఆఖరి కోట గెలిసినాక మీయమ్మకు నేనెవురో సెప్దామనుకున్నా."

హెడ్‌ఫోన్ తీసి అతని చెవులకు పెట్టాను.

"తొందరగా గెలువు," అన్నాను. "నాకు కుళ్లుగా ఉండాది."