రోజుకో సీసా

“మళ్ళీ చూడు. సరిగ్గా చూశావా అసలు?”

ముసలి దైవాధీనం గొంతుకి టేబుల్ మీది గాజు గొట్టాలు అదిరాయి.

సోమవారం పొద్దున్నే హాసినికి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? ముదినేపల్లి సెంటర్లో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టి ఎనిమిది నెలలైంది. కంపెనీ ఉద్యోగం కాదనుకుని, అమ్మానాన్నలతో దెబ్బలాడి మరీ పెట్టింది. మొదటి ఏడాది పరీక్షలు ఊరికే చేస్తానని బోర్డు కూడా రాయించింది.

ఒక్క రైతు గడప తొక్కితే ఒట్టు! అందరికీ మందుల కొట్టువాడు చెప్పిందే వేదం.

వచ్చేది ఈ ముసలాయన ఒక్కడే. తెల్లారేసరికి సైకిలుకి కూల్‌డ్రింకు సీసాతో చెరువు నీళ్ళు కట్టుకుని దిగుతాడు.

“రెండుసార్లు చూశాను తాతగారూ. అమ్మోనియా ఎక్కువుంది.”

“అంత ఎక్కువుందా?”

“నిన్న అసలు లేదు. మీ చెరువు రోజుకోలా ఉంటే నేనేం చెయ్యనండీ?”

“మూడోసారి చూడు. అడిగినవాళ్ళకి చెప్పుకోవద్దా నేను?”

“ఎవరికి? మీ చేపలకా?”

ముసలాయన నవ్వలేదు.

“పొద్దున ఏమన్నా తిన్నావా?”

“అది మీకెందుకు?”

“ఆదివారం కూడా తీసే కూర్చుంటున్నావు. తిండి మానేసి, సెలవు మానేసి ఎన్నాళ్ళు కూర్చుంటావు? ఆరింటికి తలుపెయ్యి. కడుపునిండా తిని పడుకో. రేపు కూడా తియ్యాలిగా?”

అంతే. ఎనిమిది నెలల ఉక్రోషం ఒక్కసారి పొంగుకొచ్చింది హాసినికి.

“రేపూ లేదు, ఎల్లుండీ లేదు! శుక్రవారం మూసేస్తున్నాను. ఊరికే చేస్తున్నాను కదాని రోజూ సీసా పట్టుకుని నా ప్రాణం తియ్యడానికి తయారవుతారు. ఇంక రాకండి!”

దైవాధీనం మొహం కందగడ్డయింది.

“ఎనిమిది నెలలకే మూసేదానివి తెరవడం దేనికమ్మాయ్?”

రిపోర్టు కాయితం చేతిలోంచి లాక్కుని సైకిలెక్కి పోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పీడ విరగడైందనుకుంది హాసిని. అనుకుందే గానీ, బయట సైకిలు బెల్లు మోగితే తల అటే తిరిగేది.

శుక్రవారం సామాను కోసం ఆటో వచ్చింది. దాని వెనకే ఏడెనిమిది మంది రైతులు, తలో చేతిలో ఓ సీసా. అందరికీ ముందు మధుసూదనరావు. ఆ చుట్టుపక్కల పెద్ద చెరువు ఆయనదే.

“మా నీళ్ళు కాస్త చూసిపెట్టమ్మా,” అన్నాడు.

“ఎనిమిది నెలలు ఎక్కడికెళ్ళారండీ అందరూ?” కస్సుమంది హాసిని.

“ఆడపిల్లవి, నాలుగు రోజుల్లో విసుగొచ్చి పోతావనుకున్నాం.”

“పోతున్నాగా! ఇప్పుడు దేనికొచ్చారు?”

మధుసూదనరావు తల దించుకున్నాడు.

“మంగళవారం పొద్దున దైవాధీనం నా చెరువు గట్టుమీదే పడి ప్రాణం వదిలాడమ్మా. నిన్న సమాధి చేశాం.”

హాసిని ఆటోలో పెట్టబోయిన పెట్టె కింద పెట్టేసింది.

“మరి... తాతగారి చెరువు ఎవరు చూస్తున్నారు?”

“ఆయనకి చెరువెక్కడిదమ్మా? మా చేపలు చచ్చిన ఏడు కాపలా పనిలోంచి నేనే తీసేశాను. ఛీకొట్టి తరిమినా రోజుకొకరి గట్టెక్కి, మా నీళ్ళు నీ దగ్గరికీ, నీ మాట మా దగ్గరికీ మోసింది ఆయనే.”