మరమనిషికి మార్కులు

నారాయణఖేడ్ బస్టాండులో ఓ పాప బస్సెక్కనని మొండికేసింది.

సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోతున్నారని తెలిసిపోయింది మరి. సిమెంటు బెంచీని వాటేసుకుని ఒకటే ఏడుపు.

"సూదెయ్యరు బిడ్డా, ఉత్తగ సూస్తరంతే" అని తల్లి కిష్టవ్వ బతిమాలుతోంది.

పక్కనే కూర్చున్న అరుణజ్యోతికి చిరాకు పుట్టింది. అది 2006. ఆమె పుట్టిల్లు ఖేడే అయినా, హైదరాబాదులో నటన పాఠాలు చెబుతుంది. ఆ ఏడు టీవీ అవార్డులకు జడ్జి కూడా. ఉత్తమ నటుడి మార్కుల కాగితం ఆ సాయంత్రమే ఇచ్చెయ్యాలి.

పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకరు రోజుకో లీటరు కన్నీళ్ళు కార్చే సీరియల్ తండ్రి. రెండోది పిల్లల సీరియల్లో మరమనిషి. పేరు ఇనుపన్న. లోపల ఎవరున్నారో జడ్జిలకు కూడా చెప్పలేదు.

"మొహమే కనబడనివాడికి నటుడి అవార్డేంటండీ? రేపు ఫ్రిజ్జుకూ ఇమ్మంటారు" అని ఒక జడ్జి నవ్వి, తండ్రికి వేశాడు. ఇంకొకాయన మరమనిషికి వేశాడు. తేల్చాల్సింది అరుణజ్యోతే.

అవార్డు రాకపోతే సీరియల్ ఆపేస్తారని కూడా ఆమెకు తెలుసు.

నిజం చెప్పాలంటే ఇనుపన్న ఆమెను ఏడిపించాడు. బ్యాటరీ అయిపోతున్నా, బడి నుంచి రావలసిన పిల్ల కోసం గేటు వైపే చూస్తూ నిలబడిపోయే సీను అది. మొహం లేదు, మాట లేదు. అయినా ఆమె ఆ సీను మళ్ళీ వేయించుకుని చూసింది. అందుకే ఇనుపన్నకు తొమ్మిది వేసింది, తండ్రికి ఏడు.

ఇంతలో చేతిలో టిఫిన్ డబ్బాతో ఒకతను వచ్చి పాప ముందు ఆగాడు.

ఆగడమంటే మామూలుగా కాదు, బిగుసుకుపోయాడు. మెడ మూడు కుదుపుల్లో పాప వైపు తిరిగింది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఎంత లాగినా మోచెయ్యి కదలదు.

పాప ఏడుపు ఆపింది.

"నూ...నె..." అన్నాడతను.

పాప ఉత్త చేత్తోనే మోచేతి మీద నూనె పోసింది. చెయ్యి కదిలింది. పాప పకపకా నవ్వింది.

"అరె, నువ్వే ఇనుపన్నవా?"

"నేనేడ బిడ్డా! ఇనుపన్నది మొత్తం ఇనుమే. నేను ఉత్తగ నకల్ చేస్తున్న. జల్దీ బస్సెక్కు, నూనె దవాఖానల గూడ ఉంటదంట."

పాప అతని వేలు పట్టుకుని నడిచింది. "నీకు పున్నెముంటదన్నా" అంది కిష్టవ్వ.

అదే బస్సెక్కుతూ అరుణజ్యోతి ఆశ్చర్యపోయింది. అచ్చం అదే. రవ్వంత తేడా లేదు.

"గిదంత ఏడ నేర్చుకున్నవ్?" అని అడిగింది.

అతను ఒక్క క్షణం పాప వంక చూశాడు. పాప అతని నోటి వంకే చూస్తోంది.

"టీవీ సూసి పోరగాళ్ళందరు చేస్తరు మేడం. గిదేం పెద్ద విద్య?"

పాపను తల్లి పక్కన కూర్చోబెట్టి, అతను వెనక సీట్లలోకి వెళ్ళిపోయాడు.

బస్సు కదిలింది. బస్టాండులో ఎవడో దారినపోయే మనిషి అచ్చుగుద్దినట్టు చేసేస్తే, అది నటనెలా అవుతుంది? ఏదో పిల్లలాటకు కరిగిపోయాననుకుంది అరుణజ్యోతి. కాగితం తీసి తొమ్మిది కొట్టేసి అయిదు చేసింది. తన తెలివికి తనకే ముచ్చటేసింది కూడా. ఇప్పుడది తలచుకుంటే అన్నం సహించదు.

నెల తిరక్కుండానే అవార్డుల సభ జరిగింది. తండ్రి స్టేజీ మీద కూడా ఏడ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

బయటికి వస్తుంటే పిల్లల సీరియల్ డైరెక్టర్ ఎదురయ్యాడు.

"ఇవాళ్టితో షూటింగ్ ఆపేస్తున్నాం మేడం."

అరుణజ్యోతి ఆగి అడిగింది. "ఇంతకీ ఇనుపన్న లోపల ఉన్నదెవరు?"

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనివ్వలేదండి. లోపల మనిషున్నాడని తెలిస్తే పిల్లల మనసు విరిగిపోతుందనేవాడు. ఇంకేం దాస్తాం? రండి, మీ ఊరివాడే. ముజాహిద్ అని. రేపటి నుంచి మళ్ళీ ఖేడ్‌లో కుట్టుమిషన్ ముందు కూర్చుంటాడట."

ఖాళీ అవుతున్న హాల్లో, చివరి వరుసలోంచి ఒకతను లేచి నిలబడ్డాడు.



"సలాం మేడం" అన్నాడు, ఆ రోజు పాపను బస్సెక్కించిన మనిషి.