కోసిన ముక్క చెప్పిన మాట

"గంజి తాగారా బావగారూ?" పక్క మంచం మీంచి లైఫు పలకరించాడు.

"ఎవడ్రా నీకు బావ?" బావోషాన్ గోడవైపు తిరిగాడు. కుట్లు చురుక్కుమన్నాయి.

తొమ్మిదేళ్ల కిందట లైఫు కొడుకు యోంగ్‌లిన్, బావోషాన్ ఒక్కగానొక్క కూతుర్ని లేవదీసుకుపోయి పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజే కూతురు చచ్చిందనుకున్నాడు బావోషాన్. లైఫు మాత్రం ఊరంతా పెళ్లి మిఠాయి పంచాడు. ఆ మిఠాయి బావోషాన్ గుండెల్లో ఇంకా కరగలేదు.

దేవుడిదీ వెటకారమే. చైనాలో ఈ తైహాంగ్ కొండల కింద ఇంటికొకరిని పట్టే అన్నవాహిక కేన్సర్ ఇద్దర్నీ ఒకే ఏడు పట్టింది. ఒకే ఆసుపత్రి, ఒకే గది. ముందు మందులు, గడ్డకి కరెంటు పెట్టడం. తర్వాత కోత. లైఫు పెళ్లాం పొద్దున్నే గంజి తెచ్చేది, కాగితాల సంచీ చంకనేసుకుని కౌంటర్ల చుట్టూ తిరిగేది. బావోషాన్ తనకెవరూ లేరని రాయించాడు. ఆపరేషన్ కాగితం మీద ఊరి కమిటీ వాళ్లెవరో సంతకం పెట్టి ఉంటార్లే అనుకున్నాడు.

కోసిన ముక్కని పరీక్షకి పంపుతారు. కత్తి పడేలోపే గడ్డ మందులకి చచ్చి ఉంటే బోలెడు ఆయుష్షు. చావకపోతే మనిషికే మూడినట్టు. ఆ మాట ఇంటివాళ్లకే చెబుతారు. రోగికి ఎప్పుడూ ఒకటే పాట: "అంతా శుభ్రంగా పోయింది తాతా!"

బావోషాన్‌కీ నర్సు అదే చెప్పింది. ఇంటివాళ్లే లేనివాడికి అబద్ధం చెప్పి ఏం లాభం? నమ్మాడు.

ఆ ఉదయం వరండాలో మెల్లగా నడుస్తుంటే డాక్టరు గొంతు వినబడింది. ఎదురుగా యోంగ్‌లిన్.

"మందులు పనిచేయలేదు. గడ్డ బతికే ఉంది, గ్రంథులకీ పాకింది. ఏడాది గడిస్తే గొప్పే. పెద్దాయనకి మాత్రం చెప్పకండి."

యోంగ్‌లిన్ గోడకి జారగిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

బావోషాన్ కడుపు చల్లబడింది. ఏడవరా, ఏడు! తొమ్మిదేళ్లు నేనేడవలేదూ?

గదిలోకొచ్చి లైఫు మంచం మీద కూర్చున్నాడు. మొదటిసారి నోరారా పిలిచాడు.

"బావగారూ! అందరూ కలిసి మీ చెవిలో పువ్వులు పెడుతున్నారండీ. మీ గడ్డ చావలేదు. ఏడాదిలో చచ్చేది మీరే. డాక్టరు ముందు మీవాడు కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే ఈ కళ్లతో చూశాను. ఈసారి ఊరంతా మిఠాయి నేను పంచుతాలెండి!"

లైఫు గంజి గిన్నె పక్కన పెట్టేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బావోషాన్ ఆ నీళ్లని కరువుదీరా చూశాడు.

"నా కాగితాలన్నీ చూసేది మా ఆవిడ," అన్నాడు లైఫు. "మావాడు డాక్టరు దగ్గరికి వెళ్లింది నా కొడుకుగా కాదు బావగారూ, మీ అల్లుడిగా."