నందివర్ధనం కింద కుక్కరు

"పార్కులో కుక్కరు దొరికిందట. అందరినీ ఇళ్లు ఖాళీ చేసి రోడ్డు మీదికి రమ్మంటున్నారు," అంటూ రఘునాథ్ చెప్పులైనా విడవకుండా వంటింటి దాకా వచ్చేశాడు.

రాజ్యం చేతిలోని గరిటె బాణలిలోనే ఉండిపోయింది. పార్కులో ఎక్కడని అడిగింది. మూలన, నందివర్ధనం చెట్ల దగ్గర, మొక్కలకు పాదులు చేస్తున్న తోటమాలి బ్రహ్మచారి పలుగుకు తగిలిందని చెప్పి, ఆమె స్టవ్ ఆపకపోతే తనే ఆపాడు.

మూడంతస్తులూ మెట్ల మీదుగా దిగారు.

యుద్ధం వస్తే ఎలాగని నేరేడ్‌మెట్‌లో సైరన్ మోగించి చూసిన రోజు నుంచీ కాలనీలో ఎవరి జాగ్రత్తలు వాళ్లవి. కిటికీ అద్దాలకు అడ్డంగా నిలువుగా టేపు అంటించారు, మెట్ల దగ్గర ఇసుక బకెట్లు పెట్టారు, చెవుల్లోకి దూది ఉండలు చేసి పిల్లల జేబుల్లో వేశారు. రాజ్యం కూడా అవన్నీ చేసింది. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పకుండా చేసింది. బ్యాంకులు మూసేస్తారని ఫోనులో ఎవరో పంపితే, ఆ పూటే లాకర్‌లో ఉన్న బంగారం తెచ్చేసింది. పాత ఐదు లీటర్ల కుక్కరులో మెత్తటి చీర ముక్కలు పరిచి, తేమ చేరకుండా కొత్త గాస్కెట్ వేసి, నిన్న తెల్లవారగానే నడకకు వెళ్లినట్టు వెళ్లి పార్కులో నందివర్ధనం కింద పాతిపెట్టి వచ్చింది. ఇల్లు కూలినా భూమి ఎక్కడికీ పోదు కదా అనుకుంది.

పోలీసులు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. తాడు ఇవతల కాలనీ అంతా ఉంది. బ్రహ్మచారి అడిగినవాళ్లందరికీ మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాడు.

"పలుగు జెర గట్టిగ తగిలుంటే గీ పాటికి నేను లేను సార్."

కింది వాటాలో ఉండే కల్పలత ఇద్దరు పిల్లలనూ చెరో చేత్తో పట్టుకుని, కంటోన్మెంట్ పక్కన ఇల్లు కొనొద్దని మా అత్త మొత్తుకున్నది, ఇంటే గద, అని భర్తను దెప్పుతోంది. ఎవరూ నవ్వలేదు.

బాంబు స్క్వాడ్ దారిలో ఉందని, వాళ్లు మూత తీసి చూడడం ఏమీ ఉండదని, దూరం నుంచి అక్కడికక్కడే పేల్చేస్తారని ఎస్సై చెప్పాడు.

రాజ్యం భర్త మోచేయి పట్టుకుంది. "ఏవండీ, అది నాది."

"ఏది?"

"కుక్కరు."

రఘునాథ్ ఆమె ముఖంలోకి చూశాడు. "అందులో ఏముంది?"

"అంతా."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నోరు మెదపకు. ఈ రోజుల్లో మిలిటరీ గోడ పక్కన కుక్కరు పాతిన మనిషివని తెలిస్తే ముందు లోపల వేసి, తర్వాత అడుగుతారు. పోతే పోయింది."

అమ్మ పోయేముందు మెడలో వేసిన కాసులపేరు. ఇరవై రెండేళ్లుగా ఒక్కొక్కటే కూడబెట్టిన గాజులు. పోతే పోయిందనడం ఆమెకు చేతకాలేదు. తిన్నగా ఎస్సై దగ్గరికి వెళ్లింది. ఎక్కడా తడబడకుండా, గాస్కెట్ సంగతితో సహా చెప్పింది.

ఎస్సై ఆమె చేతికి అంటిన పసుపును, చీర కుచ్చెళ్లను చూశాడు. "నీదే గావచ్చమ్మా. నేను కాదంటలేను. గని పైకి చెప్పినంక ఇగ నా చేతుల లేదు. జెర ఎనక్కి పోయి నిలబడు."

అప్పుడే సందు మలుపులో స్క్వాడ్ వ్యాను కనబడింది. దాంట్లోంచి ఇద్దరు దిగి వైరు చుట్ట దించుతున్నారు. ఎస్సై వాళ్లకేసి రెండడుగులు వేశాడు.

రాజ్యం తాడు కింద నుంచి దూరి పరుగెత్తింది.

వెనక ఒక్కసారిగా కేకలు లేచాయి. వాటిలో రఘునాథ్ గొంతును ఆమె గుర్తుపట్టింది. ఆ గొంతు అలా చీలిపోవడం ఎన్నడూ వినలేదు. అయినా ఆగలేదు. నందివర్ధనం మొదట్లో మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో మట్టి తోడింది. గోళ్లు విరిగాయి. నల్లటి పిడి చేతికి దొరికింది. సైరన్ మోగిన రోజు నుంచి గుండెలో గడ్డకట్టి ఉన్నదేదో ఆ క్షణాన కరిగినట్టయింది. పిడి పట్టుకుని ఒక్క ఊపున పైకి లాగి ఒళ్లో పెట్టుకుని, కొంగుతో మూత మీది మట్టి తుడిచింది.

మూత గిన్నె అంచు మీదుగా పైనుంచి బిగించి ఉంది. రాజ్యం కుక్కరుది లోపలికి దిగే మూత.