పిల్లను ఎత్తుకుపోయినవాడు

"ఏం కావాలో నోరు తెరిచి అడగవయ్యా! చొక్కా చింపేస్తావా ఏం?"

ఊరగాయలమ్మే అబూ షాహిర్ విసురుగా చొక్కా విడిపించుకున్నాడు.

పొడుగ్గా, సన్నగా ఉన్నాడా మనిషి. ఆ ఊరివాడు కాదు. మళ్లీ చొక్కా పట్టి లాగి, రోడ్డు వార నిలిపి ఉన్న తెల్ల వ్యాను వైపు చూపించాడు. వ్యాను నిండా ఉల్లిపాయ బస్తాలు. లోపల డ్రైవరు లేడు.

"అవి నా ఉల్లిపాయలు కావు. ఆసామి వచ్చాక బేరమాడుకో."

అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ దగ్గరకు చేర్చి, ఒక్కసారిగా పైకి విసిరాడు.

"చూశావా చెల్లెమ్మా! పండగ ఇంకా మూడు రోజులుంది, పిచ్చోళ్లు అప్పుడే గంతులు మొదలెట్టారు."

హస్నా నవ్వింది. తన రెండేళ్ల తాలాకు ఈద్ చెప్పులు కొందామని వచ్చిందామె. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్ల.

తుర్కీ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆ సిరియా ఊళ్లలో బండి బాంబులు కొత్త కాదు. ఏ జెండావాడు తెచ్చి పెడతాడో ఎవరికీ తెలియదు. అలాగని పొయ్యిలో పిల్లిని పడుకోబెట్టలేరు కదా. సంతకు రాక తప్పదు.

ఆ మనిషి రొట్టెల కొట్టు దగ్గరికి పరిగెత్తాడు. వరసలో నిలబడ్డవాళ్లను భుజాలు పట్టి వెనక్కి నెట్టాడు.

"ఒరేయ్, తెల్లారినప్పట్నుంచీ నిలబడ్డాం. నువ్వేం నవాబువా?"

ఎవరో చెంప ఛెళ్లుమనిపించారు.

అతను రోడ్డు మధ్యలో నిలబడి నలువైపులా చూశాడు. చివరికి అతని చూపు తాలా మీద ఆగింది.

హస్నా చెప్పుల జత ఎత్తి పట్టుకుని బేరం చేస్తోంది. పక్కనుంచి గాలి విసురు తగిలినట్టయింది. తిరిగి చూస్తే పిల్ల లేదు.

"పట్టుకోండి! నా పిల్ల! నా పిల్లనెత్తుకుపోతున్నాడు!"

సంతకు సంతే కదిలింది.

రొట్టెల వరస చెదిరిపోయింది. కసాయి కత్తితోనే దూకాడు. మంగలి కొట్టు వదిలేసి ఉరికాడు, సగం గీసిన గడ్డంతో కుర్చీలోని మనిషీ అతని వెనకే ఉరికాడు. ఆడవాళ్లు బుట్టలు పారేసి పరుగు తీశారు.

ఒక మలుపు దగ్గర ఆ మనిషి ఆగి, వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. వెక్కిరిస్తున్నాడనుకుంది హస్నా. జనం దగ్గరికి రాగానే మళ్లీ పరుగందుకున్నాడు.

ఊరి చివర నూనె గానుగ గోడ అడ్డం వచ్చింది. ఇక దారి లేదు.

అతను వంగి, తాలాను మెల్లగా నేల మీద నిలబెట్టాడు.

మొదటి రాయి హస్నాదే. నుదుటి మీద తగిలింది. ఆ తర్వాత ఎవరి చేతికి అందింది వాళ్లు వాడారు.

"చెప్పరా! పిల్లల్ని ఎక్కడ అమ్ముతున్నావు?"

"ఎవడు పంపాడ్రా నిన్ను?"

అతను దెబ్బలు కాచుకుంటూ, వాళ్ల తలల మీదుగా సంత వైపే చూస్తున్నాడు.

"ఎంత పొగరో చూడండి, పలకడు!"

అప్పుడు కాళ్ల కింద నేల అదిరింది.

సంత ఉన్న దిక్కున నల్లటి పొగ లేచింది. కాసేపు ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ముందు తేరుకున్నది అబూ షాహిర్.

"వీడే! ఆ వ్యాను చుట్టూ తచ్చాడింది వీడే! నాకు చూపించి నవ్వాడు కూడా!"

అతను నవ్వలేదు. ఆ సంగతి హస్నాకు తెలుసు.

"నేనూ చూశాను," అంది.

ఆ తర్వాత ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

పని ముగించుకుని వెళ్లి చూస్తే సంత లేదు. ఆరుగురు పోయారు. పరిగెత్తలేని ఇద్దరు ముసలమ్మలు, కుంటి చెప్పులవాడు, అతని తల్లి, ఇద్దరు గుడ్డి బిచ్చగాళ్లు. ఆ మనిషి వెంట పడ్డ మూడు వందల మందిలో ఒక్కరికీ గీత పడలేదు.

"పిల్లల దొంగ పుణ్యాన బతికాం. ఏం తమాషా!" అన్నాడు మంగలి. ఏడుస్తూనే కొందరు నవ్వారు.

ఆ మనిషి శవానికి స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు రాలేదు. శ్మశానంలో చోటు ఇచ్చేది లేదన్నారు పెద్దలు. గానుగ గోడ పక్కనే గోనెపట్టా కప్పి వదిలేశారు.

మర్నాడు మధ్యాహ్నం, పక్క ఊరినుంచి ఒక ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు.

"పొడుగాటి మనిషి. మందుల కోసం నిన్న పొద్దున ఇటొచ్చాడు. చూశారా?"

గోనెపట్టా చూపించారు.

ఆయన పట్టా తొలగించి, పక్కనే కూలబడ్డాడు. శవం కళ్లు మూశాడు.

"ఎవరు కొట్టారు?"

హస్నా చంకలోని పిల్లను గట్టిగా హత్తుకుంది.

"వీడు దొంగ, తాతా," అన్నాడు అబూ షాహిర్ చివరికి. "బాంబు పెట్టినవాళ్ల మనిషి. ఎంత కొట్టినా నోరు విప్పలేదు."

ముసలాయన తలెత్తి అందరినీ ఒక్కొక్కరినే చూశాడు.

"నిరుడు మా సంతలో 'బాంబుంది, పారిపోండి' అని కొట్టు కొట్టుకీ పోయి అరిచి, మా ఊరంతటినీ బతికించిన బడి పంతులు నాయనా ఈయన," అన్నాడు, "ఆ రోజు గొంతులో దిగిన ఇనుప ముక్కకే మాట పడిపోయింది."